చిన్నోడు తీసుకెళ్లాడంట

పదకొండున్నర దాటింది. లైటు తీసేసి పడుకున్నదాన్ని మళ్లీ లేచి కూర్చున్నాను. సాయంత్రం అమ్మ ఫోన్లో పెద్దమ్మతో అన్న మాట చెవిలోంచి పోవడం లేదు.

"ఆఁ, శ్రీశైలం పోయొచ్చారు అక్కా. బండి మీదే. చిన్నోడు తీసుకెళ్లాడు."

నేను వంటింట్లో చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నాను. చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది.

చిన్నోడికి గేర్ల బండి రాదు. వాడికి వచ్చిందల్లా స్కూటీ. సెల్లార్లో ఉన్న నా హంటర్ బైకుని ఈ పిల్లర్ దగ్గర నుంచి ఆ పిల్లర్ దగ్గర పెట్టమంటే, దాదాపు 180 కిలోల బండిని చూసి "అక్కా, నువ్వే రా" అంటాడు. బండి నాది, ఈఎంఐ నాది, లైసెన్సు నాది. ఇక్కడ హైదరాబాద్ నుంచి శ్రీశైలం సుమారు 215 కిలోమీటర్లు. పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ హ్యాండిల్ నా చేతిలోంచి జారలేదు. వాడు వెనక కూర్చుని బ్యాగు పట్టుకున్నాడు, దారి చూశాడు, నాకు తోడుగా ఉన్నాడు. అది చిన్న సాయమేం కాదు. అయినా నడిపింది నేను.

దారి పొడవునా ఇదే జరిగింది కాబట్టి అమ్మ మాట ఇంకా ఎక్కువ తగిలిందేమో. కల్వకుర్తిలో పెట్రోలు కొట్టించాం, అడవిలోకి వెళ్లేముందే ట్యాంకు నింపుకోవడం మంచిదని. బండి ఆపింది నేను, ట్యాంకు మూత తాళం తీసింది నేను, డబ్బులిచ్చింది నేను. బంకులో అబ్బాయి చిల్లర తీసుకెళ్లి చిన్నోడి చేతిలో పెట్టాడు. "అన్నా, గాలి కూడా చూడమంటావా?" అని వాణ్ణే అడిగాడు. గాలి నేను ముందు రోజే చూసుకున్నాను. వెనక మనిషి కూర్చుంటే వెనక టైరుకి ఎక్కువ పెట్టాలని స్టిక్కర్ మీద రాసే ఉంటుంది, అలాగే పెట్టించాను. చెప్పాను కూడా. అతను తలూపి మళ్లీ చిన్నోడి వైపే చూశాడు.

టీ బంకు దగ్గర ఒక పెద్దాయన బండి చుట్టూ తిరిగి చూసి, మైలేజ్ ఎంతిస్తుందని వాణ్ణే అడిగాడు. చిన్నోడు నన్ను చూపించాడు. "అక్క బండండీ, అక్కే నడుపుతుంది" అన్నాడు. ఆయన నవ్వి, "మరి ఘాట్‌లో నువ్వు తీసుకుంటావుగా" అన్నాడు. చెడ్డగా ఏం అనలేదు, జాగ్రత్తగా వెళ్లండని కూడా చెప్పాడు. కానీ హెల్మెట్ పెట్టుకుంటుంటే నా చేతులు వణికాయి. అంతవరకు నాకు ఘాట్ అంటే భయం లేదు. ఆయన మాటతో వచ్చింది. నల్లమల మొదలయ్యేదాకా ఆ భయం పొట్టలో అలాగే ఉంది. ఊరికే అనేసే ఒక మాటకి ఎంత బరువుంటుందో అన్నవాళ్లకి తెలియదు. అందుకే పరాయివాళ్ల మాట వదిలేశాను, ఇంట్లో మనిషి మాట వదల్లేకపోతున్నాను.

ఇంకో సంగతి కూడా రాసుకోవాలి. చీకట్లో అయిదింటికి బయల్దేరాం. తుక్కుగూడ దాటేసరికే చలికి చేతివేళ్లు మొద్దుబారాయి, క్లచ్ నొక్కుతుంటే నొక్కానో లేదో తెలియడం లేదు. ఎదురుగా లారీ వచ్చి పక్క నుంచి పోయినప్పుడల్లా గాలి ఛాతీ మీద తోస్తుంది. మొదట్లో ఆ తోపుకి బిగుసుకుపోయాను, కాసేపటికి భుజాలు వదులు చేస్తే బండి తనంతట తాను నిలబడుతుందని తెలిసింది. అసలు భయం అది కాదు, వడ్లు. ఆమనగల్లు దాటాక రోడ్డుకి ఒక పక్క సగం దాకా వడ్లు ఆరబోసి, మీద నల్ల పట్టా కప్పి, చుట్టూ గుండ్రాళ్లు పేర్చి ఉన్నాయి. చీకట్లో నల్ల రోడ్డు మీద నల్ల పట్టా. కారువాడికి హెడ్‌లైట్లు రెండు, వాడు గుద్దినా రాయి పగులుతుంది. మనకి ముందు చక్రం ఎక్కితే అంతే. నాకు గొంతు దాకా కోపం వచ్చింది. రెండు కిలోమీటర్లు పోయాక మసక వెలుతురులో ఒకావిడ ఆ వడ్ల పక్కనే దుప్పటి కప్పుకుని కూర్చుని కనిపించింది. రాత్రంతా అక్కడే కాపలా ఉన్నట్టుంది. కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటితే తీసుకోరు, ఊళ్లో కల్లం లేకపోతే ఆవిడ ఎక్కడ ఆరబెట్టుకోవాలి? కోపం ఎవరి మీదకి పంపాలో తెలియక అలాగే స్లోగా పోయాను.

సరే, అమ్మ సంగతికి వస్తాను. రాత్రి అన్నం తినేటప్పుడు అడిగేశాను. "పెద్దమ్మకి చిన్నోడు నడిపాడని ఎందుకు చెప్పావు?"

"దిష్టి" అంది. అంతే. పెరుగు వడ్డిస్తూ.

"మరి వాడికి తగలదా దిష్టి?"

"వాడికేంటి, వాడు మగపిల్లాడు, అందరూ నడుపుతారు. నువ్వు నడిపావంటే నాలుగిళ్లు చెప్పుకుంటారు. ఎవరి కళ్లు ఎలాంటివో." కాసేపు ఆగి, "ఘాట్ దిగేటప్పుడు ఏ గేరులో దిగావు?" అంది.

"రెండు."

"ఊఁ. రెండే మంచిది" అంది.

చెయ్యి కడుక్కుంటుంటే తట్టింది. ఈవిడకి రెండో గేరు సంగతి ఎలా తెలుసు?

అప్పుడు గుర్తొచ్చింది డిండి. మేం దేవరకొండలో ఉన్నప్పటి మాట. డిండి ప్రాజెక్టు నిండి అలుగు పారుతోందని ఊరంతా చూడ్డానికి పోతోంది. నాన్న చేతక్ స్కూటర్ మీద నలుగురం. ముందు నేను నిలబడ్డాను, నాన్న గడ్డం నా నడినెత్తికి తగులుతూ ఉండేది. వెనక అమ్మ ఒక పక్కకి కూర్చుని, చిన్నోణ్ణి ఒళ్లో పెట్టుకుని, ఇంకో చేత్తో స్టెప్నీ పట్టుకుంది. అలుగు దగ్గర జనం. నీళ్లు రాతి మీంచి జారుతుంటే ఆ హోరుకి చిన్నోడు ఏడుపు మొదలుపెట్టాడు. కంకులు కాల్చి అమ్ముతున్నారు. అవి తిన్నాం. తిరిగి వచ్చేటప్పుడు వాన పట్టుకుంది, బండి ఆగిపోయింది. నాన్న కిక్కు కొట్టాడు, పక్కకి వంచాడు, ప్లగ్గు విప్పి తుడిచాడు, మళ్లీ కొట్టాడు. ఏం చేసినా స్టార్ట్ కాలేదు. తోసి స్టార్ట్ చేద్దామంటే తోయడానికీ మనిషి కావాలి, హ్యాండిల్ పట్టడానికీ మనిషి కావాలి. రోడ్డు మీద మేం తప్ప ఎవరూ లేరు.

అప్పుడు నాన్న అమ్మని బండి ఎక్కమన్నాడు. "క్లచ్ గట్టిగా పట్టుకో. రెండో గేరులో పెట్టి ఇస్తున్నా. నేను వదులు అనగానే వదులు" అని చెప్పడం నాకు స్పష్టంగా గుర్తుంది. అమ్మ కొంగు నడుముకి చుట్టి దోపుకుంది. చెప్పులు తీసి నా చేతికిచ్చింది. మగవాళ్లలా రెండు పక్కలా కాళ్లు వేసి ఎక్కింది. అమ్మని నేనట్లా చూడ్డం అదే. చిన్నోణ్ణి నేను ఎత్తుకున్నాను, మోయలేక నడుం వంగిపోయింది. నాన్న వంగి తోశాడు, తోశాడు, "వదులు!" అన్నాడు. బండి ఒక్క కుదుపు కుదిపి అందుకుంది. అందుకుని ఆగలేదు. అమ్మ పోతూనే ఉంది. తడి రోడ్డు మీద, వెనక నీలం పొగ, ఈ పక్కా ఆ పక్కా ఊగుతూ, చాలా దూరం పోయింది. నాన్న "బ్రేకు, బ్రేకు" అని అరుస్తూ వెనకాల పరిగెత్తాడు. దూరంగా ఒక వేపచెట్టు దగ్గర ఆపింది. మేం వెళ్లేసరికి ఇంజను ఆగకుండా రెయిజ్ చేస్తూ, తలంతా తడిసిపోయి, నవ్వుతోంది. పళ్లన్నీ కనపడేలా. ఆ నవ్వు ఆ తర్వాత ఎప్పుడైనా చూశానా అని ఇందాకటి నుంచి వెతుక్కుంటున్నాను.

ఇంటికొచ్చాక నాన్న ఎదురింటివాళ్లకి చెప్పాడు, వానలో బండి ఆగిపోతే తోసి స్టార్ట్ చేసుకుని వచ్చానని. అమ్మ పక్కనే నిలబడి తల తుడుచుకుంటూ, "పాపం ఆయనే తోశాడు" అంది. తాను నడిపిన సంగతి ఎవరూ ఎత్తలేదు. నేను ఎత్తబోతే "పో, బట్టలు మార్చుకో" అంది.

ఇది గుర్తొచ్చాక సాయంత్రం కోపం మొత్తం వేరేగా కనిపించింది. ఇంతసేపూ అమ్మకి నేను నడపడం నామోషీ అనుకున్నాను. బండి కొన్నప్పుడు ఒక్క మాట మాట్లాడకపోవడం కూడా అందుకే అనుకున్నాను. ఇప్పుడు అనిపిస్తోంది, తనకి బాగా ఇష్టమైనదాన్ని ఆవిడ అందరి ముందు పెట్టదు. బంగారం గురించీ అంతే, నా జీతం గురించీ అంతే. డిండి రోడ్డు మీద ఆ కాసేపూ కూడా అలాగే దాచుకుంది. దిష్టి అన్నప్పుడు నిజమే చెప్పింది.

ఇలా రాశాక కూడా మనసు పూర్తిగా ఒప్పుకోవడం లేదు. దాచుకుంటే దాచుకోనీ, వేరేవాళ్ల పేరు పెట్టడం ఎందుకు? "పోయొచ్చారు" దగ్గర ఆపేస్తే సరిపోయేది. నాన్న తోశాడు, నిజమే. చిన్నోడు మాత్రం ఏమీ నడపలేదు. ప్రేమతో చెప్పినా అబద్ధం అబద్ధమే, నాకు నొప్పి నొప్పే. రెండూ ఉన్నాయి, రెండూ రాస్తున్నాను.

ఇంత రాసి అసలు ఆనందం ఒక్కటీ రాయలేదు. మన్ననూరు చెక్‌పోస్టు దాటాక అడవి. రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా బండ్లు పోనివ్వరు, అమ్రాబాద్ పులుల అభయారణ్యం కదా. మేం పోయేసరికి ఎండ వచ్చేసింది, టేకాకులు రోడ్డుకి రెండు పక్కలా ఎండి పడి ఉన్నాయి. వటువర్లపల్లి దాటాక హారన్ కొట్టబుద్ధి కాలేదు. దోమలపెంట తర్వాత రోడ్డు కృష్ణ వైపు దిగడం మొదలవుతుంది. టీ బంకు పెద్దాయన మాట అప్పటికీ పోలేదు. రెండో గేరు వేశాను, క్లచ్ మీంచి వేళ్లు తీసేశాను. ఇంజనే బండిని పట్టి ఆపుతుంటే ఆ శబ్దం గుడగుడమని తొడల్లోకి వచ్చింది, బ్రేకు మీద కాలివేలు ఊరికే ఆనించి ఉంచాను. మలుపులో చక్రం ముందు చూడకుండా మలుపు అయిపోయే చోటికి చూశాను, బండి చూపు వెంట పోయింది. ఇంకో మలుపు. ఇంకోటి. హెయిర్‌పిన్ దగ్గర కింద నుంచి ఆర్టీసీ బస్సు ఎక్కుతోంది. ఎక్కే బండికి దారివ్వాలని ఎడమ పక్కకి ఆగాను. బస్సు రోడ్డంతా తీసుకుని తిరిగింది. పోతూ పోతూ డ్రైవర్ నా వైపు చూసి చెయ్యెత్తాడు. నా వైపే. చిన్నోడు వెనక నుంచి వీపు మీద చరిచాడు.

డ్యాం పన్నెండు గేట్లూ మూసే ఉన్నాయి. గేట్లు ఎత్తిన రోజుల్లో ఆ రోడ్డు మీద కార్లు ఇంచి కదలవు, ఇప్పుడు మేమూ కోతులూ. బండి ఆపి నీళ్లు తాగాం.

దర్శనానికి ముందు సాక్షి గణపతి దగ్గర ఆగాం. చేతుల్లో పుస్తకం, కలం. శ్రీశైలం వచ్చినవాళ్ల పేర్లు రాసుకుని శివుడికి సాక్ష్యం చెప్తాడు, అందుకే గోత్రం, పేరు చెప్పుకుంటాం. చిన్నోడు ఇద్దరివీ చెప్పాడు, అమ్మ పేరు కూడా చెప్పాడు. నేను మనసులో ఇంకొకటి కలిపాను, ఇక్కడిదాకా నేనే నడుపుకుంటూ వచ్చాను స్వామీ అని. కళ్లు తెరిచేసరికి తడిగా ఉన్నాయి. ఎందుకో అప్పుడు తెలియలేదు.

రాత్రి సత్రంలో అరచేతులు కాగిపోయాయి, ఎడమ మణికట్టు వాచింది. ఇవాళ ఆఫీసులో మౌస్ పట్టుకుంటుంటే కూడా నొప్పి. నిన్న వచ్చేటప్పుడు డిండి పక్క నుంచే వచ్చాం. ఇది గుర్తొచ్చి ఉంటే ఆగేదాన్ని.

పది నిమిషాల క్రితం మంచినీళ్లకి లేచాను. అమ్మ కూడా మేలుకునే ఉంది. దేవరకొండ పోదామా, అక్కణ్ణుంచి డిండి చూసి వద్దాం, నా బండి మీద అని అడిగాను. ఔననలేదు, కాదనలేదు. "హెల్మెట్ పెడితే నా ముడి ఎక్కడ పడుతుంది?" అంది. కిందికి, మెడ దగ్గరికి వేసుకుంటే పడుతుందని చెప్పాను. రేపు పొద్దున చిన్నోడి హెల్మెట్ తలకి పెట్టి చూస్తే సైజు తెలుస్తుంది. వాడిది లార్జ్. అమ్మకి మీడియం కొనాల్సి రావచ్చు.