పేరులేని గెడ్డ

మన బడి పాత విద్యార్థుల సమ్మేళనానికి వచ్చేవాళ్ల కోసం ఈ జ్ఞాపకం. ఒడిశాలోని మన పర్లాకిమిడిలో చదువుకున్నవాడిని ఎవడినైనా అడగండి, గండాహతి జలపాతం చూశానంటాడు. తొమ్మిదో తరగతి విహారయాత్ర అనగానే మేమూ అక్కడికేనని సంబరపడ్డాం. తీరా సైన్సు మాస్టారు మమ్మల్ని దింపింది పేరైనా లేని ఓ గెడ్డ, అంటే కొండవాగు దగ్గర. ముఖాలు వేలాడేసుకున్నాం. "అక్కడికెళ్తే జనాన్ని చూసొస్తార్రా. ఇక్కడైతే నీళ్లు చూస్తారు" అన్నారాయన.

మహేంద్రతనయ మనకు కొత్తేం కాదు. ఏటికి ఇవతల మనం, అవతల పాతపట్నం. అందులో ఈతలు కొట్టాం, పరీక్షల ముందు గట్టు మీద చదివినట్టు నటించాం. కానీ ఆ నీళ్లు ఎక్కడ పుట్టి వస్తున్నాయో ఎవరం అడగలేదు. ఈ గెడ్డ వెళ్లి అందులోనే కలుస్తుందని ఆయన దారిలో చెప్పారు.

దారంటే మనిషి వెనక మనిషి నడిచే కాలిబాట. మద్దిచెట్లు, ఇప్పచెట్లు, వాటిని చుట్టేసిన అడ్డతీగలు. అడ్డాకుల మోపులు నెత్తిన పెట్టుకుని సవర గిరిజన ఆడవాళ్లు సంతకి దిగుతున్నారు. మాస్టారు ఒక అవ్వను సవరలోనే పలకరించేసరికి మేం నోళ్లు తెరిచాం. గిడుగు రామమూర్తి పంతులుగారు మన ఊళ్లో బడిపంతులుగా ఉంటూనే ఆ భాష నేర్చారనీ, ఆయన రాసిన సవర వ్యాకరణం 1931లో అచ్చయిందనీ, కొండల్లో తిరిగి మలేరియా తెచ్చుకుని, క్వినైన్ మింగీ మింగీ వినికిడి పోగొట్టుకున్నారనీ నడుస్తూనే చెప్పుకొచ్చారు. ఇవన్నీ తెలుగు పీరియడ్లో చెప్పి ఉంటే నిద్రపోయేవాళ్లం.

జలపాతం మహా అయితే రెండు నిలువులు. ధార కింద నీటి మడుగు, పక్కనే నున్నటి బండ. ఆ బండలో మోకాటి లోతు గుంట ఒకటి ఉంది, అంచులు అరిగిన రోలులాగా. "ఎవరు తవ్వార్రా దీన్ని?" అన్నారు మాస్టారు. "చోళ్లు దంచుకోడానికి సవరలు తవ్వుకున్నారేమో మాస్టారూ" అన్నాడు మా వెనక బెంచీవాడు. ఆయన నవ్వలేదు. చొక్కా చెయ్యి పైకి మడిచి, గుంట అడుగు నుంచి గోళీకాయలంత గుండ్రటి రాళ్లు గుప్పెడు తీసి వాడి చేతిలో పోశారు. వానాకాలం వరద ఆ రాళ్లను గుంటలో గిరగిరా తిప్పుతుంది. ఏటేటా తిరిగి తిరిగి అవీ అరుగుతాయి, బండనూ అరగదీస్తాయి. అంతే. నల్లబల్ల అక్కర్లేకుండానే పాఠం అయిపోయింది.

రాళ్లతో పాటు వాడి అరచేతిలో ఎర్రటి నలుసులు మెరిశాయి. "కెంపులు!" అని ఒకటే గోల. జేబులు ఖాళీ చేసి మరీ నింపుకున్నాం. కెంపులు కావు, గార్నెట్ అనే ఎర్రటి ఖనిజం అని మాస్టారు చెప్పినా వినేదెవరు? మన కొండల్లోని ఖొండలైటు రాతిలో అది ఉంటుంది. రాయి కుళ్లి రాలితే నీటితో కొట్టుకొస్తుంది. మామూలు ఇసుక కన్నా బరువు గనక నీటి వేగం తగ్గినచోట ముందు దిగబడుతుంది. అక్కడ ఆగనిది మహేంద్రతనయలోకి, వంశధారలోకి, కళింగపట్నం దగ్గర సముద్రంలోకి. అటు ఒడిశా తీరాన ఛత్రపురం వైపు సముద్రపు ఇసుకలోంచి గార్నెట్ తీస్తున్నారని చదివినప్పుడు నాకు ఆ వెనక బెంచీవాడి అరచెయ్యే గుర్తొచ్చింది.

మధ్యాహ్నం అడ్డాకుల్లో పులిహోర. దాని గురించి చెప్పడానికేం లేదు, ఉప్పు తక్కువ.

సమ్మేళనానికి పిల్లల్ని తెచ్చేవాళ్లు ఎలాగూ గండాహతికే తీసుకెళ్తారు, ఫొటోలు బాగా వస్తాయి కనక. నా మాట విని గెడ్డ వైపు కూడా వెళ్తామంటే కార్తీకం దాటాక వెళ్లండి, నీళ్లు తేటపడతాయి. శ్రావణ భాద్రపదాల్లో మాత్రం వద్దు. పైన కొండల్లో వాన పడితే కింద ఎండ కాస్తుండగానే గెడ్డ ఎర్రబడి పొంగుతుంది. హవాయి చెప్పులతో వెళ్లకండి, నాచు పట్టిన బండ మీద అవి నిలవవు.