బారువలో క్యారవాన్, ఒక చెక్కముక్క

మా బావ అద్దెకు తెచ్చిన, లోపలే పడకా వంటిల్లూ ఉండే క్యారవాన్‌ని శ్రీకాకుళం జిల్లా బారువలో పిన్ని వాళ్ల కొబ్బరితోటలో పెట్టాం. వరండాలోంచి ఎక్స్‌టెన్షన్ వైరు లాగి కరెంటు ఇచ్చేశాం. ఇంకేటి, రాజాలమే!

ఏసీ ఒక్కటీ తిరిగినంతసేపూ బానే ఉంది. ఇండక్షన్ మీద టీ పెట్టగానే, లోడెక్కువైతే కరెంటు ఆపేసే ఎమ్‌సీబీ పడిపోయింది. "మీ బండి వచ్చింది, మా ఫ్యాను ఆగింది" అంది పిన్ని. తప్పు మాదే. 5 ఆంపియర్ల ప్లగ్గు 230 వోల్టుల దగ్గర 1,150 వాట్లే మోస్తుంది. ఏసీకే దాదాపు అంత కావాలి, ఇండక్షన్‌కి ఇంకో 1,800.

అప్పుడు పంచుకున్నాం. కరెంటు ఏసీకి, పొయ్యీ ఫ్రిజ్జూ గ్యాస్‌కి. మంట పెడితే ఫ్రిజ్ చల్లబడడమేటని మావయ్య నవ్వాడు. దీనికి కంప్రెసర్ ఉండదు మరి. చిన్న మంట అమ్మోనియా కలిసిన నీటిని కాస్తుంది. విడిపోయిన అమ్మోనియా చల్లారి ద్రవమై, మళ్లీ ఆవిరయ్యేటప్పుడు లోపలి వేడిని లాక్కుంటుంది. చప్పుడన్నది లేదు. నాకైతే ముచ్చటేసింది.

సాయంత్రానికి చూస్తే చేపలు మెత్తబడి ఉన్నాయి. "నాను సెప్పలేదేటి?" అన్నాడు మావయ్య. ఒక చక్రం ఇసకలో దిగిపోయి బండి పక్కకి ఒరిగింది. ఈ రకం ఫ్రిజ్ సమంగా నిలబడకపోతే లోపలి ద్రవం సరిగ్గా తిరగదు. చక్రం కింద చెక్క దూర్చాం. తెల్లారేసరికి ఐసు కట్టింది. చేపలు మాత్రం ఆ రాత్రే పులుసైపోయాయి.

బయల్దేరే ముందు సిలిండర్ వాల్వు కట్టేశాం. మలుపు దాటాక పిన్ని ఫోను: "నా పీట ఏదిరా?"