చుక్కలు తిరుగుతూనే ఉన్నాయా? ఫార్మాట్ కొట్టించే ముందు

కంప్యూటర్ బటన్ నొక్కితే ఫ్యాన్ తిరుగుతుంది, లోగో వస్తుంది, దాని కింద తెల్ల చుక్కలు గుండ్రంగా తిరుగుతాయి. తిరుగుతూనే ఉంటాయి, విండోస్ మాత్రం రాదు. షాపుకు పట్టుకెళ్తే చాలాచోట్ల మొదట వినిపించే మాట 'ఫార్మాట్ కొట్టాలి'. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకోవడమే అది. చెడింది డిస్క్ అయితే కొత్తగా వేసిన విండోస్ కూడా నాలుగు రోజులకు మళ్లీ అక్కడే ఆగుతుంది. ఈలోపు ఫొటోలు పోతాయి.

ముందు తేల్చుకోవాల్సింది ఎక్కడ ఆగిందన్నది. లోగో కూడా రాకుండా తెర నల్లగా ఉంటే విండోస్‌ను అనుమానించి లాభం లేదు, దాని వంతు ఇంకా రాలేదు. కరెంటు, ర్యామ్, మానిటర్ కేబుల్ చూడాలి. విడిగా గ్రాఫిక్స్ కార్డ్ ఉంటే కేబుల్ దానికే పెట్టాలి, మదర్‌బోర్డుకు కాదు. లోగో వచ్చి చుక్కలు రాకుండా బిగుసుకుపోతే బయోస్ (విండోస్ కంటే ముందు మదర్‌బోర్డులో నడిచే చిన్న ప్రోగ్రామ్) దగ్గరే ఏదో అడ్డుపడింది. చుక్కలు వచ్చాయంటే బయోస్ తన పని ముగించి విండోస్ చేతిలో పెట్టేసింది. ఇక గొడవ డ్రైవర్‌తోనో (ఒక్కో పరికరాన్ని విండోస్‌తో కలిపే ప్రోగ్రామ్), అప్‌డేట్‌తోనో, డిస్క్‌తోనో.

పాత హార్డ్ డిస్క్ మీద నడిచే సిస్టమ్ అయితే ఒక గంట ఆగి చూడండి. అప్‌డేట్ మధ్యలో ఉంటే అంతసేపూ పట్టొచ్చు. డబ్బా ముందువైపు ఉండే డిస్క్ లైటు మిణుకుమిణుకుమంటుంటే పని జరుగుతున్నట్టే.

కదలిక లేకపోతే పవర్ బటన్ పది సెకన్లు నొక్కిపట్టి ఆపండి. కీబోర్డు, మౌస్ తప్ప ప్రింటర్, పెన్‌డ్రైవ్, డాంగిల్ అన్నీ పీకేసి మళ్లీ ఆన్ చేయండి. పెన్‌డ్రైవ్ నుంచి బూట్ కావాలని చూసి అక్కడే ఆగిపోయే సిస్టమ్‌లు తక్కువేం కాదు.

తర్వాత డబ్బా విప్పడం (మన దగ్గర దీన్నే సీపీయూ అంటారు). ప్లగ్ తీసేసి, పవర్ బటన్ అర నిమిషం నొక్కిపట్టి, క్యాబినెట్ ఇనుమును ఒకసారి తాకి, అప్పుడు ర్యామ్ తీయాలి. పసుపు అంచును పెన్సిల్ రబ్బరుతో రుద్ది, పొడి దులిపి, క్లిప్పు టక్కుమనేదాకా నొక్కాలి. నాలుగు స్లాట్ల బోర్డులో ఒకటే ర్యామ్ ఉంటే చాలా బోర్డుల్లో ప్రాసెసర్ నుంచి రెండో స్లాట్ దాని చోటు.

నాణెంలా ఉండే సీఆర్2032 బ్యాటరీ కూడా చూడండి. కొత్తదైతే మీటరులో 3 వోల్టులు చూపిస్తుంది, 2.8 కంటే తగ్గితే మార్చేయడమే మేలు. గోడ స్విచ్ రోజూ కట్టేసే ఇళ్లలో ఇది త్వరగా అయిపోతుంది, ఎందుకంటే ప్లగ్‌లో కరెంటు ఉన్నంతసేపూ గడియారం బ్యాటరీని వాడుకోదు. బ్యాటరీ అయిపోతే తేదీ ఏళ్ల వెనక్కి పోతుంది, పాత బోర్డుల్లో డిస్క్ మోడ్ (బోర్డు డిస్క్‌తో మాట్లాడే పద్ధతి) కూడా మారిపోతుంది. విండోస్ ఒక మోడ్‌లో వేసి ఉండి బోర్డు ఇంకో మోడ్‌లోకి వెళ్తే డిస్క్ బాగున్నా 'ఇన్‌యాక్సెసిబుల్ బూట్ డివైస్' అని నీలి తెర వస్తుంది. బయోస్‌లో పాత మోడ్ మళ్లీ పెడితే సరిపోతుంది. అయితే బయోస్ జోలికి వెళ్లేముందు బిట్‌లాకర్ (డిస్క్‌కు విండోస్ వేసే తాళం) 48 అంకెల రికవరీ కీ దగ్గర ఉంచుకోండి. సాధారణంగా అది మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుంది, ఫోన్‌లో చూసి రాసుకోవచ్చు.

చుక్కల దగ్గరే ఆగుతుంటే, చుక్కలు కనబడగానే పవర్ బటన్ నొక్కిపట్టి ఆపడం వరసగా రెండు మూడుసార్లు చేస్తే ఆటోమేటిక్ రిపేర్ తెర వస్తుంది. అందులో ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్. మొదట స్టార్టప్ రిపేర్ నడిపి చూడండి. అప్‌డేట్ తర్వాతే మొదలైతే అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్. లేదంటే స్టార్టప్ సెట్టింగ్స్, రీస్టార్ట్, 4 నొక్కితే సేఫ్ మోడ్ (తప్పనిసరి డ్రైవర్లతో మాత్రమే విండోస్ నడవడం). సేఫ్ మోడ్‌లో తెరుచుకుంటే డ్రైవర్‌నో, మధ్యలో వేసిన ప్రోగ్రామ్‌నో అనుమానించాలి. ముందుగా గ్రాఫిక్స్ డ్రైవర్ తీసేసి చూడండి.

సేఫ్ మోడ్ కూడా రాకపోతే చాలామంది చేసే పొరపాటు వెంటనే స్లాష్ ఆర్ (/r) పెట్టి చెక్‌డిస్క్ (డిస్క్‌ను పరీక్షించే కమాండ్) నడపడం. అది డిస్క్‌లో ప్రతి సెక్టారూ (డేటా దాచే చిన్న గడి) చదువుతుంది, ఒక టెరాబైట్ హార్డ్ డిస్క్‌కు గంటల తరబడి పడుతుంది. కొన ఊపిరితో ఉన్న డిస్క్ ఆ శ్రమకే పోవచ్చు. ఫైళ్లు బయటికి తీశాకే చెక్‌డిస్క్. ఇందుకో దగ్గరి దారి ఉంది: అదే మెనూలోని కమాండ్ ప్రాంప్ట్‌లో నోట్‌ప్యాడ్ అని టైప్ చేసి, ఫైల్, ఓపెన్ నొక్కి, కింద 'ఆల్ ఫైల్స్' ఎంచుకుంటే డ్రైవ్‌లన్నీ కనిపిస్తాయి. అక్కడే కుడి క్లిక్‌తో కాపీ చేసి పెన్‌డ్రైవ్‌లో పేస్ట్ చేయొచ్చు. ఇక్కడ సి డ్రైవ్ పేరు డి అని కనబడొచ్చు, కంగారు పడకండి.

ఎక్కువ ఫైళ్లుంటే ఇంకో సిస్టమ్‌లో 8 జీబీ పెన్‌డ్రైవ్ మీద ఉబుంటు (విండోస్ లాంటిదే, ఉచితంగా దొరికే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్) సిద్ధం చేసి, ఇన్‌స్టాల్ చేయకుండా దాని నుంచే నడపండి. అందులోని డిస్క్స్ యాప్ స్మార్ట్ వివరాలు (డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే లెక్కలు) చూపిస్తుంది. పెండింగ్ సెక్టార్ల (సరిగా చదవలేకపోతున్న గడుల) సంఖ్య పెరుగుతూ పోతుంటే డిస్క్ మార్చడం తప్పదు. ఆ సంఖ్య సున్నాగానే ఉండి సీఆర్‌సీ ఎర్రర్లు (డేటా దారిలో చెడిపోయిన సందర్భాలు) పెరుగుతుంటే మొదట మార్చాల్సింది డిస్క్‌ను బోర్డుకు కలిపే సాటా కేబుల్. సీఆర్‌సీ లెక్క వెనక్కి తగ్గదు కాబట్టి పాత అంకె చూసి భయపడొద్దు. కేబుల్ మార్చాక ఇంకా పెరుగుతోందా అన్నదే చూడాలి.

డిస్క్ బాగానే ఉండి ఇవేవీ పనిచేయకపోతే అప్పుడు 'రీసెట్ దిస్ పీసీ', అందులో 'కీప్ మై ఫైల్స్'. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ లాంటివి మిగులుతాయి గానీ మీరు వేసుకున్న ప్రోగ్రామ్‌లన్నీ పోతాయి. అకౌంట్ల సాఫ్ట్‌వేర్ ఉన్నవాళ్లు దాని డేటా ఏ ఫోల్డర్‌లో ఉందో ముందే చూసి కాపీ చేసుకోండి. చాలాసార్లు అది డాక్యుమెంట్స్‌లో కాకుండా ప్రోగ్రామ్ ఫోల్డర్‌లోనే ఉంటుంది.