తాతయ్య రేజరుతో మొదటి గడ్డం

అటక మీది రేకు పెట్టెలో తాతయ్య పాత జిల్లెట్ టెక్ రేజరు దొరికింది. మూడే ముక్కలు: పిడి, కింది పలక, పైమూత. గాడుల్లో ఎప్పటిదో సబ్బు గట్టిపడి ఉంది. వేడినీళ్లు పోసి పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే, పూత పోయిన చోట ఇత్తడి మెరిసింది.

టోపాజ్ బ్లేడు పెట్టి పిడి బిగిస్తుంటే, బ్లేడు మూత వంపుకి తగ్గట్టు విల్లులా వంగింది. అది చూడ్డానికే రెండుసార్లు విప్పి బిగించాను!

చెంప మీద చర్‌చర్‌మని హాయిగా సాగింది. దాని బరువే చాలు, నొక్కక్కర్లేదు. కానీ తల మార్చుకునే కార్ట్రిడ్జ్ రేజరుతో నొక్కి గీసే అలవాటు పోతుందా? దవడ కింద నొక్కేశాను. రక్తం.

పటిక రాస్తే చురుక్కుమంది.

"మీ తాతగారు అద్దం కూడా చూసేవారు కాదురా," అంది అమ్మ.

మీసం జోలికి మాత్రం పోలేదు.