ఒక సెమిస్టరుకు విదేశం వెళ్లేవారు తిరిగి వచ్చే రోజు కోసం చేయవలసిన పనులు

మా హన్మకొండలో ఎవరైనా చదువు కోసం విదేశానికి వెళ్తున్నారని తెలిస్తే చుట్టాలు అడిగే మొదటి మాట "ఎం.ఎస్.కా?" అనే. ఒక్క సెమిస్టరు చదివి తిరిగి వస్తానని నేను చెప్పినప్పుడు మా పెద్దమ్మ "గంత దూరం పోయి ఆర్నెల్లకే వస్తవా బిడ్డా?" అని ఆశ్చర్యపోయింది. ఇక్కడి డిగ్రీలో భాగంగానే ఒక సెమిస్టరు విదేశంలో చదివి వచ్చే ఈ ఎక్స్ఛేంజ్ అంటే ఏమిటో మన వైపు ఇంకా చాలామందికి తెలియదు. అందువల్ల వెళ్లే విద్యార్థులు కూడా ఎం.ఎస్.కు వెళ్లినవారి సలహాలతోనే సిద్ధమవుతున్నారు. ఆ సలహాలు అక్కడ నిలదొక్కుకోవడం గురించి చెబుతాయి. మన పరిస్థితి వేరు. డిగ్రీ ఇచ్చేది ఇక్కడి కళాశాలే కనుక, అక్కడ చదివిన సెమిస్టరు ఇక్కడి మెమోలో ఎలా చేరుతుందన్నది విమానం ఎక్కకముందే తేలిపోవాలి. మూడో సంవత్సరంలో శీతాకాలపు సెమిస్టరు కోసం జర్మనీకి వెళ్లిన నేను ఈ సంగతి ఆలస్యంగా తెలుసుకున్నాను. వచ్చే సెప్టెంబరులో మా చిన్నమ్మ కూతురు అదే దారిలో బయలుదేరుతోంది కనుక, తనకు చెప్పినదంతా ఇక్కడ రాస్తున్నాను.

అన్నిటికంటే ముఖ్యమైనది లెర్నింగ్ అగ్రిమెంట్ అనే కాగితం. అక్కడ ఏ కోర్సులు చదువుతారో, అవి ఇక్కడి ఏ సబ్జెక్టులకు బదులుగా లెక్కకు వస్తాయో అందులో రాసి, విద్యార్థి, రెండు విద్యాసంస్థలు సంతకాలు చేయాలి. యూరప్‌లో కోర్సుల బరువును ఈసీటీఎస్ అనే ఉమ్మడి పద్ధతి క్రెడిట్లలో కొలుస్తారు. సెమిస్టరుకు 30, ఏడాదికి 60 క్రెడిట్లు పూర్తి భారం కింద లెక్క. ఒక్కో క్రెడిట్‌కు క్లాసులు, సొంత చదువు కలిపి 25 నుంచి 30 గంటల శ్రమ ఉంటుంది. అంటే ఐదు క్రెడిట్ల కోర్సు మన దగ్గరి ఒక సబ్జెక్టు కంటే తేలికేమీ కాదు. కాగితం మీద కోర్సుల పేర్లు మాత్రమే రాసి ఊరుకోకుండా, ఒక్కోదాని సిలబస్ ప్రతిని కూడా దానికి జతచేయడం మంచిది. పేర్లు కలిసినా పాఠాలు కలవని సందర్భాలు ఎన్నో ఉంటాయి.

నా విషయంలో జరిగింది చెబుతాను. నేను వెళ్లేసరికి ఒప్పుకున్న ఐదు కోర్సుల్లో ఒకటి ఆ సెమిస్టరులో లేదు, మరొకటి జర్మన్ భాషలో మాత్రమే చెబుతున్నారు. వాటి స్థానంలో వేరే రెండు కోర్సులు తీసుకొని, మా విభాగానికి ఫోన్ చేసి అడిగితే "సరే, తీసుకో" అన్నారు. ఆ మాటను నమ్మి నేను నిశ్చింతగా చదువుకున్నాను. తిరిగి వచ్చాక ఆ మార్పుకు సంబంధించిన కాగితం ఏదని అడిగారు. నా దగ్గర కాగితం లేదు, ఫోనులో ఒప్పుకున్నవారు అప్పటికే ఆ బాధ్యతలో లేరు. రెండింటిలో ఒకటి ఎలాగో లెక్కకు వచ్చింది. రెండో సబ్జెక్టును జూనియర్లతో కలిసి కూర్చొని మళ్లీ రాశాను. అక్కడ మంచి గ్రేడు తెచ్చుకున్న పాఠానికి ఇక్కడ బ్యాక్‌లాగ్ పడినప్పుడు కలిగే బాధ మరెవరికీ కలగకూడదు. కాబట్టి కోర్సు ఒక్కటి మారినా అదే వారంలో ఈమెయిల్ రాయండి, జవాబు వచ్చేదాకా మళ్లీ మళ్లీ అడగండి, మార్చిన అగ్రిమెంట్ మీద కొత్త సంతకాలు తీసుకోండి.

అక్కడి చదువు పద్ధతిలో మనవాళ్లు పొరపడేది పరీక్షల దగ్గర. జర్మనీలో చాలాచోట్ల క్లాసుకు హాజరైతే సరిపోదు, ప్రతి పరీక్షకూ విడిగా, గడువు లోపల నమోదు చేసుకోవాలి. ఇక్కడ పరీక్ష ఫీజు కట్టమని కాలేజీలో నోటీసు పెడతారు, క్లాసులో ఒకరికొకరు గుర్తుచేసుకుంటారు. అక్కడ ఆ తేదీని మనమే వెతుక్కోవాలి. గ్రేడ్లు కూడా తలకిందులుగా ఉంటాయి. అన్నిటికంటే మంచిది 1.0, పాసు కావడానికి హద్దు 4.0, 5.0 వస్తే తప్పినట్టే. నాకు 1.7 వచ్చిందని చెప్పినప్పుడు బాపు చాలాసేపు మౌనంగా ఉండిపోయారు, నేను వివరించాకే ఆయన మనసు కుదుటపడింది. ఈ గ్రేడును ఇక్కడి పది పాయింట్ల లెక్కలోకి ఎలా మారుస్తారో వెళ్లకముందే మీ పరీక్షల విభాగం నుంచి రాతపూర్వకంగా తీసుకోవాలి.

తెలుగువారికి ప్రత్యేకంగా వచ్చే చిక్కు ఇంటిపేరుతో వస్తుంది. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ఒక పొడి అక్షరంగానో, పేరుకు ముందు పూర్తిగానో ఉంటుంది. పాస్‌పోర్టులో అది వేరే గడిలోకి వెళ్తుంది, కొందరికి ఆ గడి ఖాళీగానే ఉండిపోతుంది. ప్రవేశ పత్రం, టికెట్టు, వీసా, బీమా, బ్యాంకు ఖాతా అన్నీ పాస్‌పోర్టులో ఉన్న అక్షరాలతోనే ఉండాలి. వరంగల్‌లోని పోస్టాఫీసు పాస్‌పోర్టు సేవా కేంద్రంలో దరఖాస్తు చేసే రోజునే ఇంటిపేరును పూర్తి అక్షరాలతో దాని గడిలో రాయించుకుంటే తర్వాతి పనులన్నీ సులువవుతాయి. జర్మనీలో మిమ్మల్ని ఇంటిపేరుతోనే పిలుస్తారు, అదీ ముందుగానే తెలిసి ఉండటం మంచిది. మొదటి వారంలో కార్యాలయంలో నా ఇంటిపేరు పిలిచినప్పుడు అది నన్నేనని గ్రహించక నా వంతు పోగొట్టుకున్నాను.

వీసా విషయానికి వస్తే, 90 రోజులు దాటి ఉండేవారికి చాలా యూరప్ దేశాలకు ఉమ్మడిగా ఉండే షెంగెన్ స్వల్పకాలిక వీసా పనికిరాదు, జర్మనీ ఇచ్చే జాతీయ వీసా కావాలి. ఉపకార వేతనం పూర్తిగా సరిపోనివారు బ్లాక్డ్ ఖాతాలో, అంటే ముందే డబ్బు వేసి అక్కడికి వెళ్లాక నెలకు ఇంత చొప్పున మాత్రమే తీసుకోగల ఖాతాలో, డబ్బు చూపించాలి. 2024 సెప్టెంబరు నుంచి ఆ మొత్తం నెలకు 992 యూరోలు, ఏడాదికి 11,904 యూరోలు. ఒక సెమిస్టరుకు వెళ్లేవారు ఎన్ని నెలలకు చూపించాలో దరఖాస్తుకు ముందే అడిగి తెలుసుకోండి. ఏడాది మొత్తం కట్టాలేమోనన్న భయంతో ఇంట్లో బంగారం కుదువ పెట్టినవారు నాకు తెలుసు.

చేరిన తర్వాత మొదటి పని చిరునామా నమోదు. గదిలో దిగిన రెండు వారాల్లోపు నగర కార్యాలయానికి వెళ్లాలి, ఇంటి యజమాని సంతకం చేసిన ధ్రువపత్రం చూపించాలి. హాస్టలు అయితే ఆ పత్రాన్ని వాళ్లే ఇస్తారు. గది దొరకలేదని స్నేహితుల దగ్గర ఉండేవారికి ఆ పత్రం దొరకక బ్యాంకు ఖాతా మొదలుకొని అన్నీ ఆగిపోతాయి. మరో చిన్న సంగతి, ఇక్కడి ఫోన్ నంబరును రీఛార్జి చేసి, రోమింగ్ పెట్టించుకొని వెళ్లండి. లేకుంటే బ్యాంకు ఓటీపీలు రావు.

సామానులో పచ్చళ్లు, కారం, సకినాలు తీసుకెళ్లవచ్చు. నెయ్యి, పాలతో చేసిన పదార్థాలు, మాంసం పచ్చళ్లు యూరోపియన్ యూనియన్‌లోకి ప్రయాణికులు తేకూడదు, పచ్చి కరివేపాకు కూడా వద్దు. అమ్మ ఎంతో ఇష్టంగా కాచిన నెయ్యి డబ్బాను శంషాబాద్ దారిలో ఘట్‌కేసర్ దగ్గర కారు ఆపి బయటికి తీసి ఆమె చేతిలోనే పెట్టవలసి వచ్చింది, అది ఇప్పటికీ గుర్తొస్తుంది. చలి బట్టలు ఎక్కువగా కొనకండి, అక్కడే కొనుక్కోవడం మేలు.

శీతాకాలపు సెమిస్టరు అక్టోబరులో మొదలవుతుంది, అంటే చాలా ఏళ్లలో సరిగ్గా బతుకమ్మ రోజులకు మనం అక్కడ ఉంటాం. సద్దుల బతుకమ్మ నాడు మా ఊరి పద్మాక్షి గుండం దగ్గర సాయంత్రం ఏడు గంటలకు అమ్మ వీడియోలో చూపిస్తుంటే, నాకు అక్కడ మధ్యాహ్నం మూడున్నర. నేను గ్రంథాలయం మెట్ల మీద కూర్చొని చూశాను. ఫోను పెట్టేశాక పాఠం మీద మనసు నిలవలేదు. అక్టోబరు చివరి ఆదివారం గడియారాలు ఒక గంట వెనక్కి జరిపాక ఆ తేడా నాలుగున్నర గంటలవుతుంది, రాత్రి ఎనిమిదికి మాట్లాడే అలవాటున్న ఇంటికి ఇది ముందే చెప్పి ఉంచాలి. దిగులు మొదటి నెలలోనే ఎక్కువగా ఉంటుంది. ఆ నెలలో వారానికి ఒక్కసారైనా ఎవరితోనైనా కలిసి వండుకుని తినండి.

తిరిగి వచ్చే ముందు చేయవలసిన పనులను చివరి వారానికి వదిలేయకూడదు. గది ఖాళీ చేసేటప్పుడు చిరునామా రద్దు చేయించకపోతే, ఒక్కో ఇంటికి నెలకు 18.36 యూరోల చొప్పున రేడియో, టీవీల కోసం వేసే ప్రసార రుసుము కట్టమని మీ పేరున లేఖలు వస్తూనే ఉంటాయి. విశ్వవిద్యాలయ ఖాతా మూతపడకముందే సిలబస్ ప్రతులు, పాత ఈమెయిళ్లు, మార్పుల అంగీకారాలు దించుకోవాలి. చివరి పరీక్షల ఫలితాలు మీరు వచ్చేసిన తర్వాత వారాలకు గాని రావు, కాబట్టి ట్రాన్స్‌క్రిప్టు (గ్రేడ్ల పత్రం) ఎవరికి, ఏ చిరునామాకు పంపాలో అక్కడి అంతర్జాతీయ కార్యాలయంలో చెప్పి రావాలి. ఇక్కడ అది అందగానే లెర్నింగ్ అగ్రిమెంటుతో కలిపి రెండు ప్రతులు తయారుచేసి, ఒకటి పరీక్షల విభాగంలో ఇచ్చి, రెండోదాని మీద అందినట్టు తేదీతో ముద్ర వేయించుకోవాలి. మా చెల్లె దీనికోసం ఇప్పటికే ఒక ఫైలు కొన్నది, అందులో మొదటి కాగితంగా నా పాత అగ్రిమెంటునే పెట్టుకుంది, సంతకాలు లేని ఆ రెండు వరుసల కింద ఎర్ర పెన్నుతో గీత గీసి.