గాలి పోయిన సెస్నా

డాలస్ దగ్గర మేముండే ఊరి చివర చిన్న ఎయిర్‌ఫీల్డ్ ఉంది. శనివారం పొద్దున్నే నా ఫ్లయింగ్ క్లాసు అక్కడే. విమానం సెస్నా 172. 1956లో మార్కెట్లోకి వచ్చిన మోడల్, మా నాన్న కంటే ఏడాది చిన్నది! ఎక్కేముందు రెక్క కింద నుంచి కాస్త పెట్రోలు చిన్న ప్లాస్టిక్ గొట్టంలోకి తీసి, నీళ్లు చేరాయేమో చూడాలి. ఆ పెట్రోలు లేత నీలం రంగులో ఉంటుంది. మొదటిరోజు అమ్మ బట్టలకు పెట్టే నీలిమందు నీళ్లే గుర్తొచ్చాయి.

పక్కనే తాళ్లతో కట్టేసిన ఇంకో 172. టైర్లలో గాలి లేదు, కిటికీలు పసుపెక్కాయి, ఇంజిన్ మూత లోపల పిట్టలు గూడు పెట్టాయి. ఓనరు వచ్చి ఏళ్లయిందట. ఎగిరేదాని కంటే ఎగరనిదే తొందరగా పాడవుతుందన్నాడు మా ఇన్‌స్ట్రక్టర్. ఈ రకం ఇంజిన్‌లో కామ్‌షాఫ్ట్, అంటే వాల్వులను తెరిచే కడ్డీ, పైన ఉంటుంది. నెలల తరబడి తిప్పకపోతే దాని మీది ఆయిలంతా కిందికి జారిపోయి తుప్పు పడుతుంది. ఏటా చేయించాల్సిన ఇన్‌స్పెక్షన్ తప్పితే ఎగరడానికి వీల్లేదు. ఖర్చుకి భయపడి వాయిదా వేస్తారు, వాయిదా వేసేకొద్దీ ఖర్చు పెరుగుతుంది. మా తాతయ్య చేతక్ స్కూటర్ పశువుల కొట్టంలో ఇలాగే ఉండిపోయింది.

నిన్న దిగాక ఊరికే ఆ కట్టేసిన విమానం రెక్క మీద చెయ్యి వేశాను. అరచేతి నిండా తెల్లగా సుద్దపొడి అంటింది.