గండి పడిందా, కొట్టారా?

అర్జీ రాయించుకోడానికి వచ్చే వాళ్లలో చాలామందికి మొదటి పేరా మీదే మోజు. ‘మహారాజశ్రీ తహసీల్దారు గారి దివ్య సముఖమునకు’ అని మొదలవ్వాలి, చివర ‘తమ దయకు పాత్రుడు’ అని పడాలి. అవి లేకపోతే ఇచ్చిన డబ్బులకు తగ్గ పని జరగలేదన్నట్టు చూస్తారు. నేనూ పెడతాను, నాకేం పోయింది. కానీ అర్జీకి బలమంతా మధ్యలో ఉండే రెండు మూడు వాక్యాల్లోనే. ఎక్కడ, ఏది, ఏమైంది, ఎవరివల్ల. వాటికి సరిపడా మాటలు దొరక్కపోతే పైన ఎంత దివ్య సముఖం పెట్టినా కాగితం బల్లలు మారుతుందే గానీ పని కాదు.

నాది నెల్లూరు జిల్లా కోవూరు పక్కన డీటీపీ, జిరాక్సు అంగడి. పెళ్లి కార్డులు, సంతాపం ఫ్లెక్సీలు, ఆధార్ ప్రింట్లు అన్నీ చేస్తాను. సోమవారం పొద్దున మాత్రం అర్జీలదే రాజ్యం, ఆరోజు కలెక్టరాఫీసులో గ్రీవెన్సు కాబట్టి. ‘రాసేది బాగుండాలంటే మాటలు ఎట్టా పెంచుకోవాల?’ అని నన్నడిగే వాళ్లు అప్పుడప్పుడూ తగులుతుంటారు. నేను కవిని కాదు, తెలుగు పండితుణ్ణీ కాదు. నా దగ్గరున్న జవాబు ఈ అర్జీల్లో దొరికిందే.

ఎడగారు, అంటే మా వైపు రెండో పంట, నాట్లయిన కొన్నాళ్లకు ఒక పెద్దాయన వచ్చి బల్ల ముందు కూర్చున్నాడు. చివరి ఆయకట్టులో ఆయనకు రెండెకరాల కయ్య, అంటే మడి.

“నీళ్లు రావడం లే. రాయి అబ్బయ్యా.”

“ఎందుకు రావడం లేదు?”

“ఎందుకేంది, రావడం లే.”

“కాలవ పూడిపోయిందా?”

“పోయినేడాదే తీసినారు గదా పూడిక.”

“షట్టరు లేవడం లేదా?”

“షట్టరు బానే ఉండాది. తూటాకు గూడా లేదు. పైన గండి.”

“గండి పడిందా, కొట్టినారా?”

ఆయన నా మొహం వంక చూశాడు. వెనక జిరాక్సు కోసం నిలబడ్డ వాళ్లను చూశాడు. గొంతు తగ్గించి, “అది గూడా రాయాల్నా?” అన్నాడు.

ఎవరైనా ‘నీళ్లు రావడం లేదు’ అని ఊరుకుంటే చదివే ఇంజనీరుకు ఏ మనిషిని పంపాలో తెలియదు. కాలవ పూడితే అంచనాలు వెయ్యాలి, నిధులు రావాలి, బహుశా వచ్చే సీజను దాకా ఆగాలి. షట్టరు మొరాయిస్తే మెకానిక్కును పంపితే సరి. తూటాకు, అదే నీళ్లలో పెరిగే కలుపు, అల్లుకుంటే కూలోళ్లు కావాలి. గండి పడితే లస్కరు, అంటే కాలవ చూసుకునే మనిషి, ఇసుక మూటలేసి పూడుస్తాడు. గండి కొడితే మాత్రం సంగతి వేరు, కొట్టినవాడు ఒకడుంటాడు. వాడు అదే ఊళ్లో ఉంటాడు, రేపు టీ అంగడి దగ్గర ఎదురవుతాడు. పడటం, కొట్టడం. క్రియ ఒక్కటి మారేసరికి కాగితం మీదికి ఒక మనిషి వచ్చి కూర్చున్నాడు.

పెద్దాయన చాలాసేపు ఆలోచించి, “గండి ఉంది అని రాయి” అన్నాడు. పడిందనీ కాదు, కొట్టారనీ కాదు. అట్టాగే రాశాను. దాని కింద ఏ తూముకు పైన, ఏ చెట్టు ఎదురుగా, ఎంత వెడల్పో అడిగి రాశాను. లస్కరు వెళ్లి చూస్తే పార గాట్లు వాటంతట అవే చెబుతాయి. ఆయన ఆ మూడో మాట ఎంచుకున్నాక నేను దాని గురించి చాలా ఆలోచించాను. మాటలు ఎక్కువ తెలియడం వల్ల లాభం ఇదేననిపిస్తుంది. ఒకే సంగతికి మూడు మాటలుంటే ఏది అనాలో, ఏది అనకుండా ఊరుకోవాలో మన చేతుల్లో ఉంటుంది. ఒకటే ఉంటే అదే మన చేత అనిపిస్తుంది.

ఇండ్ల సంగతికొస్తే ఇది ఇంకా తేటగా కనబడుతుంది. 2021 నవంబరులో పెన్న పొర్లి, పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు కూడా దెబ్బతిన్నప్పుడు మా అంగడి ముందు బారు తీరారు. అందరిదీ ఒకటే మాట: ‘ఇల్లు పోయింది’. ఎట్టా పోయిందని అడిగితే అప్పుడు మొదలవుతుంది అసలు భాష. గోడ నానింది. గోడ ఉబ్బింది. నెర్రెలిచ్చింది. ఒక పక్కకు ఒరిగింది. పునాది కుంగింది. మిద్దె ఉరుస్తుండాది. పెచ్చులూడి మంచం మీద పడినాయి. వెనక గోడ కూలింది, ముందుది నిలబడుండాది. మట్టి గోడ ఒక్కసారిగా పోదు. నాని, ఉబ్బి, నెర్రెలిచ్చి, ఒరిగి, అప్పుడు కూలుతుంది. ఆ వరసలో మన గోడ ఏ మెట్టు మీదుందో చెప్పగలిగితే చదివేవాడికి అది కళ్లకు కడుతుంది. ఫారంలో ఉండేవి ‘పాక్షికం’, ‘పూర్తి’ లాంటి గడులే. వాటిలో ఎందులో వేస్తారన్న దాన్ని బట్టే వచ్చే డబ్బులు. ఒక అవ్వ ‘గోడ ఒరిగింది నాయనా, లోపల పడుకోవాలంటే బయంగా ఉండాది’ అంటే, దాన్ని ‘ఇల్లు తీవ్రంగా దెబ్బతిన్నది’ అని మార్చే అర్జీ రాతగాళ్లు ఉన్నారు. ఆమె ఇచ్చిన మంచి మాట తీసేసి, దాని బదులు పేపరు మాట పెట్టడం. నాకు ఒళ్లు మండుతుంది.

పొలాలూ అంతే. ‘పొలంలో మట్టి చేరింది’ అని రాయించిన వాళ్లున్నారు. ఏ మట్టి? ఒండ్రు చేరితే రైతు లోలోపల సంతోషిస్తాడు, వచ్చే పంటకు బలం. ఇసుక మేటేస్తే ఆ కయ్య మళ్లీ దారికి రావడానికి ట్రాక్టర్లు కావాలి, డబ్బు కావాలి. అసలు మట్టే కోసుకుపోతే ఇక చెప్పేదేముంది. మూడింటికీ ‘మట్టి’ సరిపోదు.

పదాలు పెంచుకోవాలనుకునే పిల్లలు ఎక్కువమంది విశేషణాలు ఏరుకుంటారు. అత్యంత, అనిర్వచనీయ, హృదయవిదారక, అంగరంగ వైభవంగా. ఇవి నేర్చుకోవడం తేలిక, ఎక్కడైనా అతుకుతాయి. ఎక్కడైనా అతికేవే కాబట్టి ఎక్కడా పనికిరావు. పేపర్లలో ఎవరు పోయినా ఊరు శోకసంద్రమే, ఏ గుడిలో ఉత్సవమైనా భక్తులతో కిటకిటే. మైకులో సౌండు పెంచితే అపస్వరం పెద్దగా వినపడుతుంది, అంతే. నా మటుకు నేను క్రియలూ, పనిముట్ల పేర్లూ, వాటి భాగాల పేర్లూ ముందంటాను. విశేషణం ఆఖరున, అదీ తప్పనిసరైతే.

ఇప్పుడు నిఘంటువుల మాట. నెల్లూరులో భాష గురించి ఎవరు మైకు పట్టుకున్నా తిక్కనతో మొదలుపెట్టాలి, ఆనవాయితీ. విరాటపర్వం నుంచి చివరిదాకా 15 పర్వాలు రాసిన మనిషి, పైగా మనుమసిద్ధి కొలువులో మంత్రి. ఆయన్ని తల్చుకోవడంలో తప్పులేదు గానీ, ఆ సభల్లో దండలు వేసిన వాళ్లు ఆ తర్వాత మాట్లాడే తెలుగు వింటే ఆయన ఏమనుకునేవాడో. నేను మాత్రం పక్క జిల్లా ఆయన్ని తల్చుకుంటా. 1928లో ఒంగోల్లో పుట్టిన భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ తెచ్చిన మాండలిక వృత్తి పదకోశం ఆయన చలవే. మొదటి సంపుటం 1962లో వ్యవసాయం మీద, రెండోది 1971లో చేనేత మీద. పండితుల్ని కూర్చోబెట్టి రాయించింది కాదు, ఊళ్లు తిరిగి రైతుల్నీ నేతగాళ్లనూ అడిగి పోగుచేసింది. అందులో నాకు నచ్చింది పని ప్రకారం మాటలు వేరుచేయడం. నాగలి అంటే నాగలితో ఆగదు, దాని ఒక్కొక్క భాగమూ, ఏ ప్రాంతంలో దాన్ని ఏమంటారో కూడా ఉంటుంది. పర్యాయపదాల పట్టీ బట్టీపడితే సూర్యుడికి పది పేర్లొస్తాయి, ఉన్నది సూర్యుడొక్కడే. పని చుట్టూ మాటలు నేర్చుకుంటే పది వస్తువులు కొత్తగా కనబడతాయి. ఫోనులో అయితే ఆంధ్రభారతి వెబ్‌సైటు ఉండనే ఉంది, ఒక మాట కొడితే పాత నిఘంటువులెన్నో ఒకేచోట చూపిస్తుంది. ఇంతకుమించిన చిట్కాలు నా దగ్గర లేవు.

పాత దస్తావేజులు కూడా చదువుతాను, అవసరం కొద్దీ. వాటిలో మాటలు గట్టివి: చెక్‌బందీ (హద్దులు), డొంక, పోరంబోకు, దాఖలా, ఫసలీ (రెవెన్యూ లెక్కల ఏడాది). మా జిల్లాలోనూ ప్రకాశంలోనూ రైతుల్ని ఎక్కువ ఏడిపించింది మాత్రం మాట కాదు, మాట లేకపోవడం. ఇంగ్లీషు వాళ్ల నాటి రిజిస్టర్లలో హక్కుదారు పేరుండాల్సిన గడిలో పేరు రాయకుండా చుక్కలు పెట్టి వదిలేశారు. అవే ‘చుక్కల భూములు’. తరాలుగా దున్నుకుంటున్న వాళ్లే అమ్ముకోలేకపోయారు, బ్యాంకులో పెట్టుకోలేకపోయారు. 2017లో వాటి కోసం విడిగా చట్టమే తేవాల్సి వచ్చింది. 2023 మేలో కావలిలో సభ పెట్టి హక్కులు ఇస్తామన్న రోజుల్లో నా దగ్గరికొచ్చిన వాళ్లు ‘మా తాత పేరు మీద చుక్కలు పడినాయి’ అని చెప్పేవాళ్లు. ఒక గుమాస్తా ఒక పేరు అడిగి రాసుకోని ఫలితం వందేళ్లు మోశారు.

ఇంత చెప్పాక ఒక హెచ్చరిక. ఊరి మాట వాడాలన్న ఉబలాటంలో చదివేవాణ్ణి మర్చిపోకూడదు. మాకు చెరువు నిండితే నీళ్లు కలుజు మీద పోతాయి. వేరే జిల్లా నుంచి బదిలీ మీద వచ్చిన అధికారికి అది అలుగు, తెలంగాణలో చదువుకున్నవాడికి మత్తడి. అందుకని మొదటిసారి ‘చెరువు కలుజు, అంటే అలుగు’ అని రాస్తాను, ఆ తర్వాత కలుజు చాలు. కొలతలతో ఇంకా జాగ్రత్తగా ఉండాలి. నెల్లూరు అంకణం 72 చదరపు అడుగులు. తిరుపతి వైపు వెళ్తే అదే అంకణం 36. పుట్టి అని రాసి ఊరుకుంటే బయటి వాళ్లకు అర్థం కాదు, ‘850 కిలోల పుట్టి’ అనాలి. ధాన్యం తూకంలో కోతలు పెడుతున్నారని రాసేటప్పుడు ఆ అంకె లేకపోతే ఎంత కోశారో లెక్కే తేలదు. ధాన్యం తడిసిందా, రంగు మారిందా, మొలకొచ్చిందా, తాలు ఎక్కువుందా అన్నదీ అంతే. తేమ 17 శాతం దాటిందని వెనక్కి పంపిన వడ్లకూ, రంగు మారిందని పంపిన వడ్లకూ రాసే అర్జీ ఒకటి కాదు.

మా అక్క కూతురు కొండపి వైపు పిల్ల. గ్రూప్స్‌కి చదువుతూ రాత సాధన కోసం ‘రైతు సమస్యలు’ అని వ్యాసం రాసి ఫోటో తీసి పంపింది, మామయ్య దిద్దుతాడు గదా అని. ‘నేటి ఆధునిక సమాజంలో రైతన్న దేశానికి వెన్నెముక వంటివాడు’ అని మొదలైంది. రెండు పేజీలు చదివాను. వాళ్లింటి వెనకే పొగాకును వేడితో ఆరబెట్టే బ్యారన్ ఉంది. వ్యాసంలో ఒక్క ఆకు లేదు.

ఫోన్ చేసి వ్యాసం సంగతి ఎత్తకుండా, “నాన్న ఏం చేస్తున్నాడే?” అన్నాను.

“ఏం చేస్తాడు మామయ్యా, నిన్న వేలానికి తొమ్మిది బేళ్లు తీసకపోతే నాలుగు నోబిడ్ అన్నారంట. మీడియం ఆకుని లో గ్రేడు కింద చూశారని గొడవ. తిప్పి తెచ్చేదానికి మళ్లా ఆటో బాడుగ. బ్యారన్‌కి పుల్లలు కొన్న అప్పు అట్నే ఉంది, ఆకు అల్లిన కూలోళ్లకి ఇంకా ఇయ్యలా. బేళ్లు ఇప్పి మళ్లీ గ్రేడు చేసి కట్టాలని అమ్మ పొద్దున్నుంచి గొణుగుతా ఉంది.”

“ఇప్పుడు చెప్పావే, అది రాసి పంపు.”

“ఇదా? ఇది మామూలు మాటలు గదా.”

“మామూలుగా రాయి.”

మర్నాడు రాసి పంపింది. నోబిడ్ వచ్చింది, ఆటో బాడుగ వచ్చింది, విప్పి కట్టిన బేళ్లు వచ్చాయి. ‘నోబిడ్ అంటే ఆరోజు ఏ కంపెనీ పాట పాడని బేలు’ అని తెలియని వాళ్ల కోసం ఒక ముక్క కూడా చేర్చింది, అది నేను చెప్పలేదు. రెండుచోట్ల ‘అత్యంత’ కొట్టేశాను. ఆఖర్న చూస్తే వెన్నెముక మాత్రం చెక్కు చెదరకుండా కూర్చుని ఉంది, మొదటి పేరాలోంచి చివరి పేరాలోకి మారింది, అంతే. తీసెయ్యమన్నాను.

“మార్కులేసేది నువ్వు కాదు గదా మామయ్యా,” అంది.